మైలేజ్ కోసం అలాయ్ వీల్స్ కొంటున్నారా? ముందు కాంటా మీద పెట్టి చూడండి

అలాయ్ వీల్స్, అంటే అల్యూమినియం మిశ్రమంతో పోసిన చక్రాలు, వేయిస్తే మైలేజ్ పెరుగుతుందన్న మాట హన్మకొండలో ఏ టైర్ల షాపుకు వెళ్లినా వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ నిజం చాలా చిన్నది, అది కూడా చక్రం నిజంగా తేలికగా ఉంటేనే. డిజైన్ నచ్చి, పాతదానికంటే బరువెక్కువ ఉన్న రిమ్ములు బిగించుకుని, మైలేజ్ ఎందుకు పడిపోయిందా అని తర్వాత ఇంజిన్ చూపించుకునేవాళ్లు ఉన్నారు. పాతిక ముప్ఫై వేలు పెట్టే పని ఇది. కొనే ముందు ఏం చూడాలో, షాపులో ఏం అడగాలో, బిగించాక ఏం చేయాలో వరుసగా చెప్తాను.

1. ముందు లెక్క వేసుకోండి

కారు కదలాలంటే ఇంజిన్ మొత్తం బరువును ముందుకు తొయ్యాలి. చక్రాలను తొయ్యడమే కాదు, తిప్పాలి కూడా. ఇసుర్రాయి తిప్పినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: మొదటి చుట్టుకే బలమంతా పోతుంది, తిరగడం మొదలయ్యాక చెయ్యి ఆనిస్తే చాలు. చక్రమూ అంతే. అందుకే చక్రం అంచులో ఒక కిలో తగ్గితే, డిక్కీలో దాదాపు రెండు కిలోలు తగ్గినంత లాభం. నట్లు ఉండే మధ్యభాగంలో తగ్గితే అంత ఉండదు.

ఈ లాభం కనిపించేది ఆగుతూ కదులుతూ నడిపే చోటే. కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా మీదుగా ఎంజీఎం ఆసుపత్రి దాకా రోజూ వెళ్లేవాళ్లు ఎన్నిసార్లు బ్రేక్ వేస్తారో గుర్తు చేసుకోండి. ప్రతిసారీ అప్పటిదాకా ఇంజిన్ పెట్టిన శక్తి బ్రేకుల్లో వేడిగా మారి పోతుంది, మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. అదే జనగామ, భువనగిరి మీదుగా హైదరాబాద్ వెళ్లే 163వ నంబర్ హైవే మీద 80లో సాగిపోతుంటే చక్రం బరువుతో పెద్దగా తేడా రాదు. అక్కడ పెట్రోలు తాగేది గాలి. వేగం పెరిగేకొద్దీ గాలి ఎదురుతోపు దాని వర్గంతో పెరుగుతుంది. 100లో వెళ్లే మనిషి 80కి దిగితే మిగిలే పెట్రోలు ఏ అలాయ్ వీలూ మిగల్చదు.

ఇప్పుడు అంకెలు. ఒక్కో చక్రానికి రెండు కిలోల చొప్పున నాలుగింటికీ ఎనిమిది కిలోలు తగ్గాయనుకుందాం. ఇది మంచి తగ్గింపే. తిరిగే బరువు కాబట్టి దాన్ని 13, 14 కిలోలుగా లెక్కేద్దాం. మనుషులతో కలిపి వెయ్యి కిలోలు దాటే చిన్న కారులో ఇది శాతం పైచిలుకు. కారు బరువు 10 శాతం తగ్గితే ఇంధనం 6 నుంచి 8 శాతం ఆదా అవుతుందన్నది వాహనాల రంగంలో అందరూ వాడే లెక్క. ఆ ప్రకారం మనకు వచ్చేది మహా అయితే ఒక శాతం. లీటరుకు 20 ఇచ్చే కారు 20.2 ఇస్తుంది.

ఏడాదికి 12,000 కిలోమీటర్లు, లీటరుకు 18 చొప్పున తిరిగితే 667 లీటర్లు పడుతుంది. అందులో ఒక శాతం అంటే ఏడు లీటర్లు కూడా ఉండదు. లీటరు 107 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 700 రూపాయల చిల్లర. రిమ్ములకు పాతిక వేలు పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి 35 ఏళ్లు కావాలి.

కాబట్టి బాగున్న రిమ్ములు తీసేసి, మైలేజ్ ఒక్కదాని కోసమే కొత్తవి కొనకండి. అలాగని ఇక్కడితో చదవడం ఆపనక్కర్లేదు. పాత రిమ్ము గుంతలో పడి వంగిపోయినప్పుడు, టైర్లు ఎలాగూ మార్చాల్సి వచ్చినప్పుడు, కొత్త కారులో ఏ వేరియంట్ తీసుకోవాలో తేల్చుకునేటప్పుడు, లేదా ఇంట్లో అబ్బాయి అలాయ్ వీల్స్ కావాలని పట్టుబట్టినప్పుడు తేలికైనవి ఎంచుకుంటే లాభం మీదే. తప్పుగా ఎంచుకుంటే పోయేది మాత్రం ఒక శాతం కంటే ఎక్కువే.

2. సైజు పెంచకండి

అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. 14 అంగుళాల చోట 16 వేస్తే కారు దర్జాగా కనిపిస్తుంది. దాంతోపాటు రిమ్ము బరువు పెరుగుతుంది, టైరు వెడల్పు పెరుగుతుంది, ఆ బరువంతా మధ్య నుంచి అంచుకు జరుగుతుంది. వెడల్పు టైరు గాలిని కూడా ఎక్కువగా అడ్డుకుంటుంది. అలాయ్ వల్ల వచ్చే లాభమంతా అక్కడే తుడిచిపెట్టుకుపోయి, ఇంకా కింద పడుతుంది.

స్విఫ్ట్‌నే తీసుకోండి. కింది వేరియంట్‌లో 165/80 ఆర్14 టైర్లు, స్టీల్ రిమ్ములు వస్తాయి. పై వేరియంట్‌లో 185/65 ఆర్15, అలాయ్‌లు. టైరు మొత్తం ఎత్తు మీరే లెక్కేసుకోవచ్చు. 165 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 80 అంటే ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో. 165లో 80 శాతం 132 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 264. దానికి 14 అంగుళాలను మిల్లీమీటర్లలోకి మార్చి, అంటే 355.6 కలిపితే 619.6 వస్తుంది. రెండోదానికి ఇదే లెక్క వేస్తే 621.5. తేడా రెండు మిల్లీమీటర్లే. కంపెనీ ఇంత దగ్గరగా ఎందుకు పెట్టిందంటే స్పీడోమీటర్, గేర్లు, ఫెండర్ (చక్రం మీద ఉండే రేకు) లోపలి ఖాళీ అన్నీ ఈ ఎత్తును బట్టే ఉంటాయి. మీ కారుకు కంపెనీ ఇచ్చిన సైజులు ఓనర్ మాన్యువల్‌లోనూ, డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన అంటించిన స్టిక్కర్ మీదా ఉంటాయి. వాటిలో చిన్నదే మైలేజ్‌కు మంచిది. 14 అంగుళాల్లో మంచి అలాయ్ దొరికితే 15 జోలికి వెళ్లకండి.

మన రోడ్లకు కూడా ఇదే నయం. గ్రానైట్ లారీలు తిరిగే కరీంనగర్ వైపు రోడ్లు, వానాకాలంలో ములుగు, పరకాల దారుల్లో నీళ్లు నిండి కనిపించని గుంతలు. టైరు పక్క గోడ ఎంత ఎత్తుగా ఉంటే రిమ్ముకు అంత రక్షణ. పొట్టి టైరు గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది. స్టీల్ అయితే వంగుతుంది, కొట్టించుకోవచ్చు. అలాయ్ అయితే పగలొచ్చు.

3. కాంటా మీద పెట్టించండి

అల్యూమినియం సాంద్రత ఉక్కులో మూడో వంతు. మరి అలాయ్ చక్రం బరువు కూడా మూడో వంతే ఉండాలి కదా అనిపిస్తుంది. ఉండదు. పోతపోసిన అల్యూమినియానికి ఉక్కంత బలం లేదు కాబట్టి మందంగా పోస్తారు. రేకును వంచి చేసిన 14 అంగుళాల స్టీల్ రిమ్ము సుమారు ఏడు కిలోలుంటే, చవకగా పోతపోసిన అదే సైజు అలాయ్ కూడా దాదాపు అంతే తూగొచ్చు, ఇంకాస్త ఎక్కువా ఉండొచ్చు. చేత్తో ఎత్తి చూస్తే తెలియదు.

షాపులో మొహమాటపడకుండా అడగండి: “అన్నా, టైర్ ఎక్కించకముందు ఒక్క రిమ్ము తూకం వేసి చూపిస్తవా?” చాలామంది “ఇది లైట్ వెయిటే సార్, చూస్కోవాల్సిన పనే లేదు” అంటారు. అయినా తూకం వేయించండి. కాంటా లేదంటే పక్కన ఏ కిరాణా షాపులోనో, పాత ఇనుప సామాన్ల దుకాణంలోనో ఉంటుంది. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ ఉంటే అదీ చాలు: ముందు మీరు ఒక్కరే ఎక్కండి, తర్వాత రిమ్ము పట్టుకుని ఎక్కండి, మొదటిది తీసేయండి. మీ పాత రిమ్మును కూడా అలాగే తూయండి. టైరు ఉన్నదాన్ని టైరు ఉన్నదానితో, ఉత్త రిమ్మును ఉత్త రిమ్ముతోనే పోల్చాలి.

ఎంత ఉంటే తేలిక అనొచ్చు? నా ఉద్దేశంలో 14 అంగుళాల అలాయ్ ఆరు కిలోలు, ఆ చుట్టుపక్కల ఉండాలి. 15 అంగుళాలది ఏడు కిలోల లోపు. ఎనిమిది దాటితే అందం కోసం కొనుక్కోండి, మైలేజ్ పేరు చెప్పకండి.

బరువు తయారీ పద్ధతిని బట్టి మారుతుంది. మామూలు పోత రకం అన్నిటికంటే చవక, బరువు. ఫ్లో ఫార్మింగ్ అంటే పోతపోసిన చక్రాన్ని వేడి మీద తిప్పుతూ, అంచు భాగాన్ని రోలర్లతో నొక్కి సాగదీస్తారు. అంచు పలుచబడుతుంది, బలం పెరుగుతుంది. బరువు తగ్గాల్సింది కూడా సరిగ్గా ఆ అంచులోనే కాబట్టి మైలేజ్ చూసుకునేవాళ్లకు ఇచ్చిన డబ్బుకు న్యాయం చేసేది ఇదే. ఫోర్జింగ్ అంటే దిమ్మను భారీ ప్రెస్‌లో నొక్కి చేసేది. అన్నిటికంటే తేలిక, గట్టి, ధర కూడా అలాగే ఉంటుంది. మామూలు చిన్న కారుకు అంత పెట్టక్కర్లేదు.

ఒక ముచ్చట. రేస్ అనే జపాన్ కంపెనీ 1996లో టీఈ37 అనే ఫోర్జ్‌డ్ చక్రం తెచ్చింది. 15 అంగుళాల సైజులో అది 3.7 కిలోలే, ఆ 37 అక్కడి నుంచే వచ్చింది. ఆ ఆరు పుల్లల డిజైన్‌ను చూసి పోతపోసినవి ఇప్పుడు ఎక్కడ చూసినా దొరుకుతాయి. ఆకారం అదే అయినంత మాత్రాన బరువు అదే కాదు. వాటినీ కాంటా ఎక్కించాల్సిందే.

4. వెనక్కి తిప్పి, గుర్తులు చదవండి

రిమ్ము ముందు భాగం అందం కోసం, వెనక భాగం సమాచారం కోసం. కొనే ముందు వెనక్కి తిప్పి ఇవి చూడండి.

నట్ల రంధ్రాల లెక్క. స్విఫ్ట్, బాలెనో, ఐ20 లాంటివి 4×100, అంటే నాలుగు నట్లు, 100 మిల్లీమీటర్ల వృత్తం మీద. బ్రెజా, క్రెటా 5×114.3. కొన్ని అలాయ్‌లకు రెండు కొలతలకూ సరిపోయేలా ఎనిమిది రంధ్రాలు పెడతారు. ఒకే కొలత ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

మధ్య రంధ్రం. స్విఫ్ట్ హబ్‌కు, అంటే చక్రం వచ్చి కూర్చునే మధ్యభాగానికి, 54.1 మిల్లీమీటర్లు. బయటి అలాయ్‌లలో చాలావాటికి ఇది పెద్దదిగా ఉంటుంది, అన్ని కార్లకూ సరిపోవాలని. ఆ ఖాళీని నింపే హబ్ రింగులు వేయకపోతే చక్రం బరువు నట్ల మీదే కూర్చుంటుంది, 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా ఆ వణుకు పోదు. రింగులు చవకే, అడిగి వేయించుకోండి.

ఈటీ అనే అక్షరాల పక్కన ఉండే అంకె ఆఫ్‌సెట్, అంటే చక్రం లోపలికీ బయటికీ ఎంత జరిగి కూర్చుంటుందో చెప్పేది. మీ పాత రిమ్ము మీద ఎంత ఉందో దానికి దగ్గరగా ఉండాలి. బాగా తక్కువైతే చక్రం బయటికి పొడుచుకొస్తుంది, బేరింగులు త్వరగా పోతాయి.

మాక్స్ లోడ్ అని కిలోల్లో ఉంటుంది. అది మీ కారు పూర్తి లోడ్ బరువులో నాలుగో వంతు కంటే బాగా ఎక్కువ ఉండాలి. మేడారం జాతరకు ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను, బియ్యం మూట వేసుకుని తాడ్వాయి అడవి దారిలో పోయే కార్లు మనవి.

చివరగా ఐఎస్‌ఐ గుర్తు. చక్రాల రిమ్ములకు ఐఎస్ 16192 అనే భారతీయ ప్రమాణం ఉంది. జపాన్ పద్ధతిలో పరీక్షించినవాటి మీద జేడబ్ల్యూఎల్, వీఐఏ అని ఉంటుంది. ఏ గుర్తూ లేకుండా, ధర తక్కువగా, బరువు కూడా తక్కువగా ఉన్న రిమ్ము ఎదురైతే దాన్ని అక్కడే వదిలేయండి. పలుచగా పోసి, పరీక్ష లేకుండా అమ్మే చక్రం హైవే మీద పగిలితే పోయేది మైలేజ్ కాదు, ప్రాణం.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే, పై వేరియంట్ నుంచి తీసిన కంపెనీ అలాయ్‌లు మంచి ఎంపిక. బరువు, కొలతలు అన్నీ మీ కారుకే చేసినవి. కాకపోతే బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పించి, అంచు ఊగుతోందేమో చూడండి. లోపలి వైపు వేలితో తడమండి, వెల్డింగ్ గీత తగిలితే ఎంత చవకైనా వద్దు.

5. టైరు మీద ఇంకా శ్రద్ధ పెట్టండి

రిమ్ము గురించి ఇంత చెప్పాను కానీ, మైలేజ్ విషయంలో టైరుదే పెద్ద పాత్ర. అది రిమ్ము కంటే బయట ఉంటుంది కాబట్టి దాని బరువు ఇంకా ఎక్కువగా లెక్కకొస్తుంది. అంతకంటే ముఖ్యం, దొర్లేటప్పుడు రబ్బరు నలిగి శక్తిని తినేస్తుంది. ఈ దొర్లుడు నిరోధం 10 శాతం తగ్గితే ఇంధనం ఒకటి నుంచి రెండు శాతం ఆదా అవుతుంది. రిమ్ములకు పెట్టే డబ్బు లేకుండానే, ఎలాగూ మార్చాల్సిన టైర్లలోనే ఆ లాభం వస్తుంది. ఫ్రిజ్‌లకూ ఏసీలకూ స్టార్లు ఇచ్చే బీఈఈ సంస్థే టైర్లకూ స్టార్ లేబుల్ పథకం పెట్టింది. కొనేటప్పుడు స్టార్ ఉందా అని అడగండి. తడి రోడ్డు మీద పట్టు ఎలా ఉందో కూడా అడగండి, మైలేజ్ కోసం బ్రేక్‌ను వదులుకోకూడదు.

గాలి సంగతి వేరే చెప్పాలి. టైరులో గాలిని పీఎస్‌ఐ అనే కొలతలో చూస్తారు. నాలుగు టైర్లలో సగటున ఒక్క పీఎస్‌ఐ తగ్గితే 0.2 శాతం మైలేజ్ పోతుంది. ఐదు తగ్గితే ఒక శాతం. అంటే పాతిక వేలు పెట్టి తెచ్చుకున్న లాభమంతా గాలి చూసుకోకపోతే కొన్ని నెలల్లో పోతుంది. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, కారు నడపకముందు గాలి చూసుకోండి. మే నెల మధ్యాహ్నం వరంగల్ ఎండలో తిరిగొచ్చాక చూస్తే మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని అప్పుడు తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది.

6. బిగించే రోజు

దగ్గర నిలబడి చూడండి. అలాయ్‌కు వాడే నట్టు కూర్చునే భాగం కొన్నిటికి శంకు ఆకారంలో, కొన్నిటికి గుండ్రంగా ఉంటుంది. రిమ్ముతో వచ్చిన రకమే వాడాలి. గన్‌తో బిగించి వదిలేయనివ్వకండి. ముందు చేత్తో, తర్వాత ఎదురెదురు నట్ల వరుసలో, చివరికి మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో, అంటే బిగువును కొలిచే పానాతో. జనగామ దాకా వెళ్లొచ్చాక, అంటే వంద కిలోమీటర్లు తిరిగాక, మరోసారి నట్లు చూపించుకోండి. కొత్త అలాయ్‌లో అవి కొద్దిగా వదులవ్వొచ్చు.

పాత నట్లు ఒక సంచీలో వేసి డిక్కీలో పెట్టుకోండి. స్టెప్నీ ఇంకా స్టీల్ రిమ్మే కదా, దానికి కొత్త నట్లు సరిపోకపోవచ్చు. రాత్రిపూట రఘునాథపల్లి దగ్గర పంక్చరైనప్పుడు ఇది తెలిస్తే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. అలైన్‌మెంట్ తప్పితే టైర్లు పక్కకు రాసుకుంటూ నడుస్తాయి, మైలేజ్, టైరు రెండూ పోతాయి. బిల్లు తీసుకుని ఇన్సూరెన్స్ వాళ్లకు తెలియజేసి, అలాయ్‌లను పాలసీలో రాయించండి.

7. లాభం వచ్చిందో లేదో ఇలా చూడండి

డ్యాష్‌బోర్డ్ మీద కనిపించే అంకెను నమ్మకండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ దానంతట అదే ఆగేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించండి. మళ్లీ అక్కడే ఫుల్ చేయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. చక్రాలు మార్చకముందు రెండు మూడు ట్యాంకులు, మార్చాక రెండు మూడు ట్యాంకులు. మార్చకముందు లెక్క ఏప్రిల్‌లో ఏసీతో, మార్చాక లెక్క డిసెంబర్‌లో ఏసీ లేకుండా తీస్తే అది చక్రాల లెక్క కాదు. టైరు మొత్తం ఎత్తు మారితే కిలోమీటర్ల మీటరే తప్పు చూపిస్తుంది కాబట్టి, సైజు మార్చినవాళ్లు ముందు ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని 20 కిలోమీటర్లు నడిపి మీటరు ఎంత తేడా చూపిస్తోందో చూసుకోవాలి.

తేడా లీటరుకు పావు కిలోమీటరు లోపే వస్తే ఆశ్చర్యపోకండి, లెక్క ప్రకారం అంతే రావాలి. ఒక కిలోమీటరు పెరిగిందంటే గాలి సరిచేయడం వల్లో, కొత్త టైర్ల వల్లో అయి ఉంటుంది. ఒక కిలోమీటరు తగ్గిందంటే వెంటనే అలైన్‌మెంట్, గాలి చూపించి, రిమ్మును మళ్లీ ఒకసారి తూయండి. పాత స్టీల్ రిమ్ములను మాత్రం ఈ లెక్కలన్నీ తేలేదాకా అమ్మకండి.